మందుకు లొంగని సుడిదోమ: తప్పు గాలిదా, పిచికారీదా?

ప్రశ్న: మాకు పశ్చిమ గోదావరి డెల్టాలో ఆరెకరాల వరి ఉంది. సార్వాలో ఎక్కువగా స్వర్ణ రకం వేస్తాం. మా నాన్నగారి హయాంలో, అంటే 2000 ప్రాంతంలో, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఒక్కసారి కొడితే, దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ మళ్లీ కనిపించేది కాదు. నిరుడు సార్వాలో అదే మందు మూడుసార్లు కొట్టినా దుబ్బుల మొదళ్లలో దోమ అలాగే ఉంది, చివరకు చేను సుడులు సుడులుగా మాడిపోయింది. వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరగడం వల్ల పురుగులకు మందుల్ని తట్టుకునే శక్తి వస్తోందని అంటున్నాడు. మందుల షాపాయన మోతాదు రెట్టింపు చేసి, ఇంకో మందు కలిపి కొట్టమంటున్నారు. గాలే కారణమైతే మందు మార్చి ప్రయోజనమేముంది? ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

ముందు సూటిగా సమాధానం చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళతాను. మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. అయితే నిరుడు మీ చేలో మూడు పిచికారీలు వృథా కావడానికి బొగ్గుపులుసు వాయువు కారణం కాదు. షాపాయన సలహా మాత్రం పాటించవద్దు, ఎందుకంటే అది ఇప్పుడున్న చిక్కును మరింత బిగించే పని. ఇక గాలే మారుతున్నప్పుడు మందు మార్చి ఏం లాభమన్న మీ సందేహానికి నా జవాబు తలకిందులుగా ఉంటుంది: గాలి మారుతోంది గనకనే మందుల వాడకంలో పాత పొరపాట్లకు ఇకమీదట మనం చెల్లించే మూల్యం పెరుగుతుంది.

తట్టుకునే శక్తి ఎలా వస్తుందో ముందుగా చూద్దాం. దోమ మందుకు అలవాటుపడి క్రమంగా బలపడుతుందని చాలామంది రైతులు అనుకుంటారు, షాపుల్లోనూ అలాగే చెబుతుంటారు. నిజానికి ఒక చేలో ఉండే లక్షలాది దోమల్లో ఆ మందును శరీరంలో విరగ్గొట్టగలిగినవి పుట్టుకతోనే కొన్ని ఉంటాయి. మందు కొట్టినప్పుడు మిగిలినవి చనిపోయి ఇవి బతుకుతాయి, వీటి సంతానమే తర్వాతి తరమవుతుంది. మళ్లీ అదే మందు కొడితే మళ్లీ అదే వడపోత. సుడిదోమ విషయంలో ఈ వడపోత ఏ జన్యువు మీద జరిగిందో కూడా శాస్త్రవేత్తలు గుర్తించారు. దోమ శరీరంలో విషపదార్థాలను విరగ్గొట్టే పి450 అనే ఎంజైముల కుటుంబం ఉంది, అందులో సి.వై.పి.6 ఇ.ఆర్.1 అనే దాని జన్యువు కొన్ని దోమల్లో రెండు ప్రతులుగా ఏర్పడి, ఒక ప్రతిలో చిన్న మార్పు రావడంతో, అది ఇమిడాక్లోప్రిడ్‌ను చాలా వేగంగా నిర్వీర్యం చేయగలుగుతోంది. తూర్పు, ఆగ్నేయ ఆసియా దేశాల్లో ఈ మందు సుడిదోమ మీద పనిచేయడం లేదన్న సంగతి 2003 తర్వాత బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే చైనాలో సేకరించిన దోమలను చంపడానికి మామూలు దోమకు సరిపోయే మోతాదుకు వందల రెట్లు మందు అవసరమైంది.

ఇప్పుడు గాలి లెక్క చూడండి. 1958 నుంచి హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద బొగ్గుపులుసు వాయువును క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. 2003లో అది పది లక్షల భాగాల గాలిలో సుమారు 376 భాగాలు, అంటే 376 పి.పి.ఎం.; 2024లో సుమారు 424. ఇరవై ఏళ్లలో పెరుగుదల ఎనిమిదో వంతు. దోమ తట్టుకునే శక్తేమో అంతకంటే తక్కువ కాలంలోనే వందల రెట్లు పెరిగింది. ఎనిమిదో వంతు మార్పు వందల రెట్ల మార్పును తెచ్చిందని చెప్పడానికి వీల్లేదు. ఇంకో సాక్ష్యం మన నేల మీదే ఉంది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే మందుల కుటుంబానికి లొంగక పత్తి రైతులు ఎలా కుదేలయ్యారో మీ నాన్నగారి తరం వారికి ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆ మందులు మన చేలలోకి వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, గాలిలో బొగ్గుపులుసు వాయువు ఏడాది సగటున 350 పి.పి.ఎం.కు లోపే ఉంది. ఒకే రకం మందును పదేపదే కొట్టడమే ఆ నష్టానికి దారితీసింది. ఇప్పుడు మీ చేలో జరిగిందీ చాలావరకు అదే అయి ఉండాలి.

మరి మీ అబ్బాయి చదివినది ఏమిటి? గాలిలోని వాయువు దోమను నేరుగా తాకి మార్చేది చాలా తక్కువ. అది ముందు వరి మొక్కను మారుస్తుంది, మారిన మొక్క రసం తాగే దోమ దాని వెనుక మారుతుంది. వరి, పత్తి, వేరుశనగ, ఆముదం, మిరప వంటి పంటలు బొగ్గుపులుసు వాయువు ఎక్కువైతే ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకుంటాయి. మొక్కజొన్న, జొన్న, చెరకు వంటి వాటి ఆకుల్లో ఆ వాయువును పోగుచేసుకునే ఏర్పాటు ముందే ఉండడం వల్ల వాటికి పెద్దగా తేడా ఉండదు. వరిలో పిలకలు పెరుగుతాయి, గుబురు పెరుగుతుంది, కొంతమేరకు దిగుబడి కూడా పెరుగుతుంది. అయితే పిండిపదార్థం పెరిగినంతగా నత్రజని పెరగదు కాబట్టి ఆకులో నత్రజని పలచబడుతుంది. బియ్యంలో మాంసకృత్తులు తగ్గుతాయన్న హెచ్చరికలు కూడా ఈ కారణం వల్లే వస్తున్నాయి.

ఆకు తినే పురుగులకు ఈ పలచదనం ఇబ్బంది కలిగిస్తుంది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో పైకప్పు లేని గదుల్లో 550, 700 పి.పి.ఎం. వాయువు నింపి ఆముదం, వేరుశనగ పెంచి, ఆ ఆకులను నామాల పురుగుకూ పొగాకు లద్దె పురుగుకూ మేపినప్పుడు, అవి మామూలు కంటే ఎక్కువ ఆకు తిన్నాయి, ఎదగడానికి ఎక్కువ రోజులు తీసుకున్నాయి. అదే సుడిదోమ కథ వేరు. అది ఆకు నమలదు, కాండం లోపల పారే రసం పీలుస్తుంది. పైగా దాని కొవ్వు కణజాలంలో ఈస్టు వంటి సూక్ష్మజీవులు కాపురముంటాయి; రసంలో కొరవడిన పోషకాలను అవి దోమకు తయారుచేసి పెడతాయి. కాబట్టి నత్రజని కొంత తగ్గినా దోమకు వచ్చే లోటు తక్కువ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో సుమారు 570 పి.పి.ఎం. దగ్గర వరి పెంచి సుడిదోమను వదిలి చూసినప్పుడు, మామూలు గాలిలో కంటే దోమ ఎక్కువ గుడ్లు పెట్టింది, సంఖ్య బాగా పెరిగింది. దోమ లేకుండా పెంచిన వరి ఆ వాయువు వల్ల లాభపడింది. దోమ ఉన్నచోట మాత్రం నష్టశాతం మామూలు గాలిలో కంటే రెట్టింపు దరిదాపుల్లోకి వెళ్లింది. పెరిగిన పంటలో దోమ తన వాటా అంతకంటే ఎక్కువే లాక్కుందన్నమాట.

మొక్క సొంత రక్షణ కూడా మారవచ్చు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, గదులేవీ లేకుండా బయలు పొలంలోనే వాయువు వదిలి సోయాచిక్కుడు పెంచినప్పుడు, పురుగు కొరికితే మొక్కలో మోగాల్సిన హెచ్చరిక వ్యవస్థ మందగించి, పెంకు పురుగులు ఆ మొక్కలను మరింత ఇష్టంగా తిన్నాయి. వరికి ఇదే యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. ఒక్కో పంట తీరు ఒక్కో రకంగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది పురుగు సంఖ్య గురించి. తట్టుకునే శక్తికీ దీనికీ లంకె ఎక్కడ? నాకు తోచినంతలో అది నాలుగైదు చోట్ల కలుస్తుంది, అందులో రెండు మీ చేనుకు ముఖ్యమైనవి.

మొదటిది, మందు దోమకు చేరడం. ఇమిడాక్లోప్రిడ్ అంతర్వాహిక మందే (మొక్క లోపలికి ఇంకి పారేది) అయినా, మొక్కలో అది నీటితో పాటు కిందినుంచి పైకి మాత్రమే ప్రయాణిస్తుంది. పై ఆకుల మీద కొట్టిన మందు మొదలుకు దిగదు. దోమేమో నీటిమట్టానికి కాస్త పైన, దుబ్బు మొదట్లో ఉంటుంది. పిలకలు పెరిగి గుబురు దట్టమైన కొద్దీ మొదలుకు చేరే మందు తగ్గుతుంది, అరకొర మోతాదు తగిలిన దోమల్లో కాస్తో కూస్తో తట్టుకోగలిగినవన్నీ బతికి బయటపడతాయి. తట్టుకునే జాతిని మనమే ఏరి పెంచుతున్నట్టు అవుతుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు మొక్క ఆకుల మీది రంధ్రాలను కొంత మూసుకుని నీటిని తక్కువగా ఆవిరి చేస్తుంది. వేరు దగ్గర వేసిన మందు ఆ నీటి ప్రవాహం మీదే ఆధారపడి పైకి పోతుంది కాబట్టి, ముందుముందు గుళికలు, విత్తనశుద్ధి మందుల చేరవేతలో కూడా తేడా రావడానికి అవకాశం ఉంది.

రెండవది సంఖ్య. ఒక్కో ఆడదోమ రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది, మూడు నాలుగు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది. గుడ్లు పెరిగి, సంఖ్య త్వరగా నష్టపరిమితి (మందు కొట్టక తప్పని లెక్క) దాటితే రైతు మరోసారి మందు పట్టుకుంటాడు. ప్రతి అదనపు పిచికారీ మరోసారి వడపోతే. మందును తట్టుకునే దోమలు ఆ శక్తికి వెల కూడా చెల్లిస్తాయని, అంటే మందు లేనిచోట అవి మామూలు దోమల కంటే తక్కువ సంతానాన్ని ఇస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. మందు ఆపితే తట్టుకునే దోమల వాటా మెల్లగా తగ్గుతుందన్న ఆశకు ఇదే ఆధారం. మారిన మొక్క రసం వాటికి కలిసివచ్చి ఆ లోటు పూడితే, మనం ఆశించే ఆ తగ్గుదల ఆలస్యం కావచ్చు. ఈ చివరి మాట నా ఊహే. ప్రయోగంలో తేలిన ఫలితంగా దాన్ని తీసుకోవద్దు.

పత్తిలో మూడో దారి ఒకటుంది. అది మీకు నేరుగా సంబంధించకపోయినా మీ అబ్బాయికి ఆసక్తి కలిగిస్తుందని రాస్తున్నాను. బొగ్గుపులుసు వాయువు ఎక్కువైన పత్తిలో గాసిపాల్ వంటి చేదు పదార్థాలు పెరగడం, అదే సమయంలో పురుగును చంపే ప్రోటీను తనలోనే తయారయ్యేలా జన్యువు మార్చిన బి.టి. పత్తిలో ఆ విషప్రోటీను తగ్గడం ప్రయోగాల్లో కనిపించాయి; ప్రోటీను తయారీకి నత్రజని కావాలి, చేదు పదార్థాలకు కర్బనం చాలు. గాసిపాల్ తిన్న శనగపచ్చ పురుగు దాన్ని విరగ్గొట్టడానికి తన పి450 ఎంజైములను మేల్కొలుపుతుంది, అలా మేల్కొన్న ఎంజైములు డెల్టామెథ్రిన్ అనే మందునూ తట్టుకోవడానికి దానికి తోడ్పడతాయని చైనా శాస్త్రవేత్తలు చూపారు. ఆకు చేదు పెరిగితే పురుగు మందును తట్టుకోవడం పెరిగే ఈ గొలుసులో ప్రతి లింకూ విడివిడిగా రుజువైనదే. బహుశా మీ అబ్బాయి చదివింది ఇలాంటిదే అయి ఉంటుంది. అయితే ఈ గొలుసు అన్ని పురుగులకూ ఒకేలా ఉండదు. ఎక్కువ ఆకు తినే పురుగు ఆ ఆకుతో పాటు ఎక్కువ మందు కూడా మింగుతుంది, ఆకలితో నీరసించిన పురుగు మందుకు త్వరగా చస్తుంది. ఏ పురుగు, ఏ పంట, ఏ మందు అన్నదాన్ని బట్టి ఫలితం అటో ఇటో మారుతుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగితే పురుగులన్నీ మందుకు లొంగకుండా పోతాయని ఒక్క వాక్యంలో తేల్చే వార్తలను నేను నమ్మను.

వేడి సంగతి విడిగా చూడాలి. బొగ్గుపులుసు వాయువుతో పాటు ఉష్ణోగ్రత కూడా పెరుగుతోంది, అది సుడిదోమకు ఎల్లప్పుడూ మేలు చేయదు. 35 డిగ్రీల దరిదాపుల్లో చాలా రోజులుంటే దోమ లోపలి ఈస్టు జీవులు దెబ్బతింటాయి, దానితో దోమ కూడా. మరోపక్క పైరిత్రాయిడ్ మందులు వేడి పెరిగిన కొద్దీ సాధారణంగా పురుగు మీద బలహీనపడతాయి. వరిలో వీటి ఊసెత్తడానికి నా అసలు కారణం వేరు. సుడిదోమ మీద డెల్టామెథ్రిన్ వంటి పైరిత్రాయిడ్లు కొడితే కొద్ది రోజుల్లో దోమ మునుపటి కంటే ఎక్కువగా లేస్తుందని నలభై ఏళ్ల కిందటే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో తేలింది. ఆ మందులు సాలీళ్లను, దోమ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులను ముందు చంపేస్తాయి. షాపాయన కలిపి కొట్టమన్న ఆ ‘ఇంకో మందు’ ఏమిటో మీరు రాయలేదు. డబ్బా మీద పేరు చివర ‘మెథ్రిన్’ అనో, ‘సైహలోథ్రిన్’ అనో ఉంటే దాన్ని వరిలో దోమ కోసం తాకవద్దు.

ఇక మోతాదు రెట్టింపు సంగతి. వందల రెట్లు తట్టుకునే దోమకు రెండింతల మోతాదు ఏ మూలకు? దానివల్ల చచ్చేవి సాలీళ్లు, మిరిడ్ నల్లులు, మిగిలి ఉన్న మామూలు దోమలు. బతికేవి ముదురు దోమలే. ఖర్చు రెండింతలు, ధాన్యంలో మందు అవశేషాలు అదనం. ఇమిడాక్లోప్రిడ్‌ను సుడిదోమ కోసం ఇక పక్కన పెట్టండి. థయామిథాక్సామ్, క్లోథియానిడిన్ అదే కుటుంబానివి కాబట్టి పేరు మారినా మందు మారినట్టు కాదు. వ్యాపార నామాలు వేరువేరుగా ఉన్న మూడు డబ్బాల్లో ఒకే మందు ఉండడం మనకు మామూలే. నిరుడు మీరు కొట్టిన మూడుసార్లూ నిజంగా ఏ మందు కొట్టారో రసీదులు తీసి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామం చదివి చూడండి.

ప్రత్యామ్నాయంగా వేరే తీరులో పనిచేసే మందులున్నాయి. బుప్రొఫెజిన్ దోమ పిల్లలు కుబుసం విడవకుండా చేస్తుంది; పెద్ద దోమలను చంపదు. పైమెట్రోజిన్ దోమ నోరు కట్టేస్తుంది, అది రసం పీల్చలేక కొన్ని రోజులకు ఆకలితో చస్తుంది. ఈ రెండూ కొట్టిన మర్నాడు చేలోకి వెళ్లి చూస్తే దోమ బతికే కనిపిస్తుంది, మందు పనిచేయలేదని రైతు వెంటనే ఇంకోటి కొడతాడు. మందును తట్టుకోవడం అని మనం అనుకునే వాటిలో కొన్ని నిజానికి ఇలా తొందరపడి చూసినవే. ట్రైఫ్లూమెజోపైరిమ్ ఇంకో రకం. దోమ నరాల మీద ఇమిడాక్లోప్రిడ్ పనిచేసే చోటే పనిచేసినా దాని తీరు వేరు, ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకునే దోమల మీద కూడా పనిచేస్తుంది. ఇది బాగుందని పంట కాలమంతా ఇదే కొడితే కొన్నేళ్లలో దీనికీ అదే గతి పడుతుంది, కాబట్టి ఒక పంటలో ఒక్కసారికి మించవద్దు. చైనాలో బుప్రొఫెజిన్‌కూ పైమెట్రోజిన్‌కూ లొంగని దోమలు ఇప్పటికే కనబడ్డాయి. ఒక తరం దోమ మీద కొట్టిన రకాన్ని తర్వాతి తరం మీద కొట్టకూడదన్నది ఇక్కడ పాటించాల్సిన నియమం. సుడిదోమకు తరం అంటే దాదాపు నెల. మోతాదులు డబ్బా మీద ముద్రించినవే వాడండి, అనుమానముంటే ఉండి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

అసలు ఎప్పుడు కొట్టాలి? దోమ కనబడగానే కాదు. చేనుకు అడ్డంగా నడుస్తూ ఇరవై దుబ్బులను వంచి తట్టి లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈత (కంకి బయటికి వచ్చే) దశలో 20 నుంచి 25 దోమలు ఉంటేనే మందు. సాలీళ్లు, మిరిడ్ నల్లులు బాగా కనిపిస్తే ఆ లెక్క దాటబోతున్నా రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడవచ్చు. కొట్టేటప్పుడు చేలో నీరు తీసేసి, ఎకరాకు 200 లీటర్ల నీటితో నాజిల్‌ను దుబ్బు మొదలుకు తిప్పి కొట్టాలి. ఈ మధ్య డ్రోన్లతో పది లీటర్ల లోపు నీటితో ఎకరం ముగించేస్తున్నారు. కూలీలు దొరకని కాలంలో ఆ సౌలభ్యాన్ని నేను తక్కువ చేయను, కానీ పైనుంచి పడిన ఆ సన్నని తుంపర దట్టమైన స్వర్ణ చేలో మొదలు దాకా దిగడం కష్టం. ఆకుముడతకు డ్రోన్ సరే, సుడిదోమకు వద్దు.

ఇప్పుడు గాలి సంగతీ మీ చేతి పనీ కలిసే చోటికి వద్దాం. ఈ సమాధానం మొత్తంలో నేను ఎక్కువ బరువు పెట్టేది దీని మీదే. ముందే చెప్పినట్టు వాయువు పెరిగిన కొద్దీ ఆకులో నత్రజని పలచబడుతుంది, ఆకు కాస్త లేత రంగు తేలుతుంది. మీ ప్రాంతంలో ఆకు లేతగా కనబడితే రైతు మొదట చేసే పని ఇంకో బస్తా యూరియా చల్లడం. నత్రజని ఎక్కువైన వరి సుడిదోమకు విందుభోజనం. పైరు మెత్తబడుతుంది, రసంలో దోమకు కావలసిన అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, గుడ్లు పెరుగుతాయి, గుబురు మరింత దట్టమవుతుంది. ప్రయోగశాలల్లో 570 పి.పి.ఎం. దగ్గర దోమకు దొరికిన అనుకూలతను మనం 424 దగ్గరే యూరియాతో సమకూర్చి పెడుతున్నాం. గాలిలోని వాయువును తగ్గించడం మీ చేతిలో లేదు, బస్తా విప్పడం మీ చేతిలోనే ఉంది. సిఫారసు చేసిన నత్రజనిని ఊడ్పు సమయంలో, పిలక దశలో, అంకురం (లోపల కంకి మొదలయ్యే) దశలో మూడు భాగాలుగా వేయండి. మధ్యలో చల్లాలా వద్దా అన్నది కంటిచూపుతో కాకుండా ఆకు రంగుల పటంతో పోల్చి నిర్ణయించండి. దోమ కనబడిన తర్వాత యూరియా పూర్తిగా ఆపండి. నేను దోమపోటు తగిలిన చేలు చూడడానికి వెళ్లినప్పుడు మందుల కంటే ముందు యూరియా లెక్క అడుగుతాను, చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది.

కాలిబాటలు తీసే అలవాటు మీ ఊళ్లో ఉందో లేదో తెలియజేయలేదు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా బాటలు వదిలితే మొదళ్లకు గాలీ వెలుతురూ తగులుతాయి, పిచికారీ చేసేవారికీ దారి దొరుకుతుంది. గుబురు పెరిగే కాలానికి ఇదే చవకైన విరుగుడు. బాటల వల్ల మొక్కలు తగ్గి దిగుబడి పోతుందన్న భయం అక్కర్లేదు. బాట పక్క వరసలు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. నీరు ఎప్పుడూ నిలవ ఉంచకుండా మధ్యమధ్య ఆరగట్టండి. అయితే పైకాలువ నుంచి కింది చేలకు నీరు పారే మీ డెల్టాలో ఇది ఒక్కరే చేయగలిగేది కాదని నాకు తెలుసు, బోదె మీద ఉన్నవారంతా అనుకోవాలి.

వంగడం మాట కూడా చెప్పాలి. స్వర్ణ మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన గొప్ప వరి, అందులో సందేహం లేదు. కానీ సుడిదోమకు అది లొంగిపోతుంది. అదే మారుటేరు నుంచి దోమను కొంత తట్టుకునే విజేత, కాటన్ దొర సన్నాలు, శ్రీధృతి వంటివి వచ్చాయి. పంట కాలం, గింజ రకం, మిల్లరు ఇచ్చే ధర వేరుగా ఉంటాయి కాబట్టి ఆరెకరాలూ ఒకేసారి మార్చమని నేను చెప్పను. ఏటా దోమ ముందుగా లేచే చెక్క ఏదో మీకు తెలిసే ఉంటుంది. వచ్చే సార్వాలో ఆ చెక్కలో తట్టుకునే రకం వేసి చూడండి. మందు అవసరమే తగ్గితే వడపోత కూడా తగ్గుతుంది. తట్టుకునే రకం కూడా శాశ్వతం కాదు, వంగడాన్ని జయించిన దోమలు ఆసియాలో గతంలో వచ్చాయి. అందుకే ఊరంతా ఒకే రకం వేయడం కూడా మంచిది కాదు.

మీ అబ్బాయికి ఒక పని అప్పగించండి. దోమ లెక్క పరిమితి దాటిన రోజున, మందు కొట్టే ముందు, చేలో ఒక చిన్న చదరాన్ని మందు తగలకుండా వదిలి, ఆ చదరంలోనూ పక్కనా పది దుబ్బుల చొప్పున దోమలను లెక్కించి రాయమనండి. నరాల మీద పనిచేసే మందైతే మూడో రోజున, బుప్రొఫెజిన్ గానీ పైమెట్రోజిన్ గానీ అయితే ఏడో రోజున, మళ్లీ అవే దుబ్బులు లెక్కించాలి. మందు పేరు, కొట్టిన తేదీ, వాడిన నీరు, ఆ వారంలో వేసిన యూరియా పక్కన రాయాలి. రెండు చోట్లా దోమ ఒకేలా ఉంటే మందు పనిచేయనట్టే. అప్పుడు ఆ కాగితంతో పాటు దుబ్బు మొదళ్లలోని బతికిన దోమలను మారుటేరు కీటక శాస్త్ర విభాగానికి తీసుకెళితే, అది మందును తట్టుకోవడమా లేక మందు మొదలుకు చేరకపోవడమా అన్నది వారు పరీక్షించి చెప్పగలరు. ఈ రెండింటికీ విరుగుడు వేరువేరు కాబట్టి, తర్వాతి డబ్బా కొనే ముందే అది తేల్చుకోండి.